విదేశంలో సేవా సంస్థ, సొంత ఊరిలో పని: డబ్బు సక్రమంగా చేరడానికి కాగితాల పని ఎలా చేయాలి

“అమెరికాలో మేము పదిమందిమి కలిసి ఒక సేవా సంస్థ పెట్టుకున్నాం, మా ఊరి బడికి రెండు గదులు కట్టించాలనుకుంటున్నాం, డబ్బు సిద్ధంగా ఉంది, ఎలా పంపాలి?” అనే ప్రశ్న ఊరి పేరు మాత్రం మారుతూ ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. అడిగేవారిలో చాలామంది సంస్థ పెట్టి, విరాళాలు వసూలు చేసి, రసీదులు కూడా ఇచ్చేసిన తరువాతే ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. నిజానికి మొదట అడగవలసింది ఇదే. అక్కడ సంస్థ పెట్టడం ఎక్కువ భాగం ఇంట్లో కూర్చుని చేసుకోగల పనే కాని, ఆ డబ్బును ఇక్కడ ఎవరు, ఏ అనుమతితో అందుకోవాలన్నది నెలల తరబడి సాగే పని. అందుకే ఈ క్రమంలో ఇండియా వైపు పనికి ఎక్కువ చోటు ఇచ్చాను.

దగ్గర పెట్టుకోవలసినవి

డబ్బు ఇచ్చే ప్రతి ఒక్కరి పౌరసత్వ వివరం, అంటే భారతీయ పాస్‌పోర్టు ప్రతి గాని, విదేశీ పాస్‌పోర్టుతో పాటు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు) ప్రతి గాని ఉండాలి. ఊరిలో ఇప్పటికే ట్రస్టు గాని సొసైటీ గాని ఉంటే దాని రిజిస్ట్రేషన్ పత్రం, ట్రస్టు డీడు లేదా నిబంధనావళి, పాన్ కార్డు, గత మూడు ఆర్థిక సంవత్సరాల ఆడిట్ నివేదికలు, మినిట్స్ పుస్తకం కావాలి. విదేశీ విరాళాల లెక్కలు ఇంతకు ముందు చూసిన చార్టర్డ్ అకౌంటెంట్ ఒకరు ఉండాలి. వ్యాపారుల లెక్కలు చూసే మంచి ఆడిటరుకు కూడా ఈ చట్టం తెలిసి ఉండాలని లేదు కాబట్టి, నియమించుకునే ముందే అడగండి. వీటన్నిటికంటే ముందు కావలసింది, ఊరిలోనే ఉంటూ, ఫోనెత్తి, సంతకం పెట్టి, విచారణకు వచ్చిన అధికారితో కూర్చుని మాట్లాడగల బాధ్యుడు. అలాంటి మనిషి లేకపోతే మిగతా పని మొదలుపెట్టకండి.

1. డబ్బు చట్టరీత్యా ఎవరిదో తేల్చండి

ఇండియాలో విదేశీ విరాళాలను నియంత్రించేది 2010నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. అందరూ దాన్ని ఎఫ్‌సీఆర్ఏ అంటారు. ఈ చట్టం డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందన్నదానికంటే ఇచ్చినవారు ఎవరన్నది చూస్తుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు మీద ఉన్నా, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా డాలర్లలో పంపినా అది విదేశీ విరాళం కాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజు నుంచి, ఓసీఐ కార్డు చేతిలో ఉన్నా, అతను ఇచ్చేది విదేశీ విరాళమే. హైదరాబాదులోని తన ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవారు ఇండియాలో నడిపే రూపాయల ఖాతా) నుంచి రూపాయల్లో చెక్కు రాసినా లెక్క మారదు.

మూడో సందర్భంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. విదేశంలో రిజిస్టరైన సంస్థ ఏదైనా విదేశీ మూలమే. అందులో సభ్యులందరూ భారతీయ పౌరులే అయినా, పోగైన ప్రతి డాలరూ భారతీయులు ఇచ్చినదే అయినా, సంస్థ ఖాతాలో పడిన క్షణం నుంచి ఆ డబ్బు విదేశీ సంస్థ డబ్బు అవుతుంది.

కనుక మీ బృందంలో అందరూ భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారే అయి, పని ఒకసారి చేసి వదిలేసేదే అయితే (ఒక నీటి ట్యాంకు, ఒక ప్రహరీ గోడ), సంస్థ పెట్టవద్దనే నా సలహా. ఎవరికి వారు తమ ఖాతా నుంచి నేరుగా ఊరి ట్రస్టుకు పంపండి, ట్రస్టు ప్రతి దాత పాస్‌పోర్టు ప్రతిని రసీదుతో కలిపి భద్రపరచాలి. అమెరికాలో పన్ను మినహాయింపు పోతుంది, నిజమే. దానికి బదులుగా రెండేళ్ళ తిరుగుడు తప్పుతుంది. అయితే అందరి డబ్బూ ఒకరి ఖాతాలో పోగుచేసి పంపకండి. పదిమందిలో ఒక్కరు విదేశీ పౌరుడైనా మొత్తం లెక్క కలుషితమవుతుంది.

గల్ఫ్ దేశాల్లో ఉన్నవారికి ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో వెళ్ళి అక్కడ పనిచేస్తున్నవారు దాదాపు అందరూ భారతీయ పౌరులే కాబట్టి, తమ సంపాదన ఊరికి పంపడంలో ఎఫ్‌సీఆర్ఏ అడ్డు రాదు. చిక్కంతా అక్కడ వసూలు చేయడంలో ఉంది. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో 2021నాటి విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ చందాలు సేకరించకూడదు. వాట్సాప్ గ్రూపులో ఖాతా నంబరు పెట్టి అడగడం కూడా నేరమయ్యే ప్రమాదం ఉంది. చనిపోయిన తోటివాడి శవాన్ని ఇంటికి పంపడానికి చందాలు ఎత్తబోయే ముందు భారత రాయబార కార్యాలయాన్నో కాన్సులేట్‌నో సంప్రదించండి. ప్రవాస భారతీయ సంక్షేమ నిధి 2009 నుంచి ఉన్నది ఇలాంటి అవసరాలకే, స్తోమత లేని కుటుంబాలకు ఆ ఖర్చు అక్కడ దొరికే అవకాశం ఉంది.

2. అమెరికా వైపు పని పూర్తిచేయండి

దాతలకు పన్ను మినహాయింపు, కంపెనీల మ్యాచింగ్ నిధులు (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి జతగా అతని కంపెనీ ఇచ్చే డబ్బు) కావాలనుకుంటే సంస్థ తప్పదు. మీ రాష్ట్రంలో లాభాపేక్ష లేని కార్పొరేషన్‌గా నమోదు చేసుకుని, అమెరికా పన్ను శాఖ అయిన ఐఆర్ఎస్ నుంచి ఈఐఎన్ అనే గుర్తింపు నంబరు తీసుకుని, తరువాత పన్ను మినహాయింపునిచ్చే 501సి3 హోదాకు దరఖాస్తు చేయాలి. ఏడాదికి వసూళ్ళు 50,000 డాలర్లు, ఆస్తులు 250,000 డాలర్లు దాటవని అంచనా ఉన్న చిన్న సంస్థలకు ఫారం 1023-ఈజెడ్ ఉంది, రుసుము 275 డాలర్లు. అంతకు మించితే పూర్తి ఫారం 1023, రుసుము 600 డాలర్లు. సంస్థ పుట్టిన 27 నెలల లోపు దరఖాస్తు చేస్తే హోదా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, ఆ గడువు దాటితే సాధారణంగా దరఖాస్తు చేసిన నాటి నుంచే వర్తిస్తుంది. నమోదు పత్రంలోనే సంస్థ ఉద్దేశం ధార్మికమని, మూతపడితే ఆస్తులు మరో ధార్మిక ప్రయోజనానికే పోతాయని రాసి ఉండేలా చూడండి. దీన్ని తరువాత సవరించడం కంటే ముందే రాయడం తేలిక.

విరాళాలు అడగడానికి రాష్ట్రం దగ్గర విడిగా నమోదు కావాలేమో చూసుకోండి. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో అది కావాలి. టెక్సాస్‌లో చాలా సంస్థలకు అక్కరలేదు. మీ దాతలు పలు రాష్ట్రాల్లో ఉంటే ఆ రాష్ట్రాల నియమాలు కూడా చదవాలి.

హెచ్1బీ మీద ఉన్నవారు డైరెక్టరుగా ఉచితంగా పనిచేయవచ్చు గాని సంస్థ నుంచి జీతం, గౌరవవేతనం ఏదీ తీసుకోరాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన నియమం ఉంది. అమెరికా సంస్థ ఇండియాలోని ట్రస్టుకు కేవలం గొట్టంలా పనిచేస్తే దాతకు పన్ను మినహాయింపు నిలవదు. డబ్బు ఎక్కడ, దేనికి ఖర్చు కావాలో మీ బోర్డు స్వయంగా పరిశీలించి తీర్మానించాలి, ఊరి సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ఖర్చు నివేదికలు తెప్పించుకోవాలి. “ఈ వెయ్యి డాలర్లు మా నాన్నగారి పేరున ఉన్న ట్రస్టుకే వెళ్ళాలి” అనే షరతుతో విరాళం తీసుకోకండి. దాత అభిప్రాయం చెప్పవచ్చు, నిర్ణయం బోర్డుదే అని రసీదు మీదే రాయండి. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతి విరాళానికి, దానికి బదులుగా దాతకు ఏమైనా ఇచ్చారో లేదో తెలిపే లిఖితపూర్వక రసీదు ఇవ్వాలి.

మ్యాచింగ్ విషయంలో ఒక హెచ్చరిక. కంపెనీ చేత రెట్టింపు ఇప్పించుకుని, తాను ఇచ్చిన మొత్తాన్ని దొడ్డిదారిన వెనక్కి తీసుకునే ఏర్పాటుకు మీ సంస్థను వాడుకోనివ్వకండి. దీనివల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నవారున్నారు, ఒప్పుకున్న సంస్థ కూడా ఆ మోసంలో భాగస్వామి అవుతుంది.

3. ఇండియాలో ఎవరు అందుకోవాలో ఎంచుకోండి

విదేశీ విరాళం అందుకోవడానికి మూడు దారులున్నాయి. ఊరి సంస్థకు సొంతంగా ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ తీసుకోవడం ఒకటి. దీనికి ఆ సంస్థ కనీసం మూడేళ్ళుగా పనిచేస్తూ, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో తన సేవా కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. నిన్న పుట్టిన ట్రస్టుకు ఇది కుదరదు. ఒక నిర్దిష్ట దాత నుంచి, ఒక నిర్దిష్ట పనికి, ఒక నిర్దిష్ట మొత్తానికి ముందస్తు అనుమతి తీసుకోవడం రెండోది. కొత్త సంస్థలకు ఉన్న దారి ఇదే. దీనికి మీ అమెరికా సంస్థ ఎంత ఇస్తుందో, దేనికి ఇస్తుందో స్పష్టంగా చెప్పే హామీ పత్రం, పని వివరాల నివేదిక జతచేయాలి. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ చేత మీ ఊరిలో పని చేయించడం మూడోది.

ఈ మూడో దారిని సరిగ్గా అర్థం చేసుకోండి. 2020 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన సవరణ తరువాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పెద్ద సంస్థ తీసుకుని కొంత పట్టుకుని మిగతాది ఊరి ట్రస్టుకు ఇచ్చే పాత పద్ధతి అప్పటితో పోయింది. ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఉన్నా కుదరదు. అయితే ఆ పెద్ద సంస్థే స్వయంగా మీ ఊరిలో గదులు కట్టించి, ఇటుకలు, సిమెంటు, కూలీల బిల్లులు తన పేరు మీదే చెల్లిస్తే అభ్యంతరం లేదు. ఏడాదికో పని మాత్రమే చేసే చిన్న బృందాలకు ఇదే అన్నిటికంటే మేలైన దారి అని నా అభిప్రాయం. ఊరి ట్రస్టు బోర్డు మీద పేరు ఉండకపోవచ్చు, పని మాత్రం అవుతుంది.

బడి ప్రధానోపాధ్యాయుడికో సర్పంచికో నేరుగా డబ్బు ఇవ్వడం మాత్రం ఎన్నడూ చేయకండి. ప్రభుత్వోద్యోగులు, ఎన్నికైన ప్రజాప్రతినిధులు విదేశీ విరాళం తీసుకోవడాన్ని చట్టం నిషేధించింది. మంచి మనసుతో చేసినా ఇరుక్కునేది వాళ్ళే. ల్యాప్‌టాప్‌లు, వీల్‌చైర్లు వంటి వస్తువుల రూపంలో ఇచ్చినా అది విరాళమే అవుతుందని కూడా గుర్తుంచుకోండి.

4. దరఖాస్తు వేయండి

క్రమం ఇది. మొదట సంస్థ పాన్, నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదు, దాని ఐడీ. తరువాత ఢిల్లీలో సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఎఫ్‌సీఆర్ఏ ఖాతా. దీనికోసం ఢిల్లీ వెళ్ళనక్కరలేదు, దగ్గరలోని స్టేట్ బ్యాంక్ శాఖ ద్వారా కాగితాలు పంపవచ్చు. ఆ తరువాత కేంద్ర హోంశాఖ పోర్టల్‌లో రిజిస్ట్రేషనుకైతే ఎఫ్‌సీ-3ఏ, ముందస్తు అనుమతికైతే ఎఫ్‌సీ-3బీ ఫారం. ముఖ్య బాధ్యులందరి ఆధార్ కావాలి, విదేశీ పౌరులైతే పాస్‌పోర్టు లేదా ఓసీఐ ప్రతి కావాలి, ఒక్కొక్కరూ విడిగా అఫిడవిట్ ఇవ్వాలి. దరఖాస్తు వేసే వారంలోనే పోర్టల్‌లోని కొత్త నోటీసులు చదవండి, ఈ నియమాలు తరచుగా మారుతుంటాయి.

తిరస్కరణకు గాని, నెలల ఆలస్యానికి గాని దారితీసే తప్పులు చాలావరకు చిన్నవే. సొసైటీ రిజిస్ట్రేషనులో “గ్రామాభివృద్ధి సంఘం” అని, పాన్‌లో “గ్రామ అభివృద్ధి సంగం” అని, దర్పణ్‌లో ఇంగ్లీషు అక్షరాల కూర్పు మూడో రకంగా ఉండడం సర్వసాధారణం. అన్ని పత్రాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం పోల్చి, తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించి అప్పుడు దరఖాస్తు వేయండి. రెండో లోపం ఆడిట్ నివేదికలో అంతా ఒకే పద్దు కింద “సేవా కార్యక్రమాలు” అని రాసి ఉండడం. విద్యకు ఎంత, వైద్యానికి ఎంత, ఆఫీసు ఖర్చు ఎంత అని ఏడాదివారీగా విడగొట్టి చూపమని ఆడిటరును అడగండి. బాధ్యులంతా ఒకే కుటుంబంవారు కావడం కూడా ప్రశ్నలకు తావిస్తుంది. ట్రస్టు ఊరిదా, ఇంటిదా అన్న అనుమానం విచారణకు వచ్చేవారికి సహజం.

విచారణకు అధికారులు ఊరికి రావచ్చు. వచ్చిన రోజున ఆఫీసు తాళం వేసి ఉండడం, దరఖాస్తులోని చిరునామాలో సంస్థ బోర్డే లేకపోవడం, అధ్యక్షుడు “నాకేం తెలియదు, అంతా అమెరికా అబ్బాయే చూసుకుంటాడు” అనడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి జరిగినా నష్టమే.

5. డబ్బు పంపండి

అనుమతి చేతికి వచ్చాకే పంపండి. మొదటిసారి చిన్న మొత్తం పంపి, అది ఖాతాలో సరిగా జమ అయి, బ్యాంకు అడిగిన వివరాలన్నీ ఇచ్చాక మిగతాది పంపడం మంచిది. విదేశీ విరాళం మొట్టమొదట పడవలసింది ఢిల్లీ ఖాతాలోనే. అక్కడి నుంచి మీ ఊరి బ్యాంకులో తెరిచిన వినియోగ ఖాతాకు మార్చుకోవచ్చు. ఆ ఖాతాలో స్థానిక చందాలు కలపకూడదు. దాని మీద వచ్చిన వడ్డీని కూడా విదేశీ విరాళం లెక్కలోనే చూపాలి.

“తమ్ముడి ఖాతాకు ఇంటి ఖర్చుల పేరున పంపితే సరిపోదా?” అని చాలామంది అడుగుతారు. సరిపోదు. బంధువుకు సొంత అవసరానికి పంపడం వేరు (విదేశీ పౌరుడైన బంధువు నుంచి ఏడాదిలో 10 లక్షలు దాటి వస్తే దానికీ హోంశాఖకు సమాచారం ఇవ్వాలి), ఊరి పనికి పంపిన డబ్బును ఇంటి ఖర్చుగా చూపడం వేరు. మీరు విదేశీ పౌరులైనా, డబ్బు మీ విదేశీ సంస్థదైనా ఇది ఉల్లంఘన. శిక్ష అయిదేళ్ళ జైలు దాకా ఉండవచ్చు, అది పడేది ఊరిలో ఉన్న తమ్ముడికి.

దాత ఎవరో తెలియని డబ్బు ఎంత చిక్కు తెస్తుందో తెలియాలంటే తిరుమల తిరుపతి దేవస్థానాన్ని చూడండి. హుండీలో భక్తులు వేసిన విదేశీ నోట్లకు దాత పేరు ఉండదు. అవి జమకాక పేరుకుపోయి, చివరికి 2023లో కేంద్రం ఇచ్చిన ప్రత్యేక మినహాయింపుతో ఆ సమస్య తీరింది. మీ ఊరి ట్రస్టుకు అలాంటి మినహాయింపు ఎవరూ ఇవ్వరు.

6. ఖర్చు చేసి, లెక్క చెప్పండి

పాలనా ఖర్చులు ఏడాదిలో అందుకున్న విదేశీ విరాళంలో 20 శాతం మించకూడదు. పాఠం చెప్పే టీచరు జీతం ఇందులోకి రాదు. ఆఫీసు అద్దె, గుమాస్తా జీతం, ఆడిట్ రుసుము వస్తాయి. ఏది ఏ పద్దులోకి వస్తుందో వోచరు రాసే రోజే తేల్చుకోవాలి, మార్చి చివర కూర్చుని పంచుకుంటే ఆడిటరు ఒప్పుకోడు.

విదేశీ విరాళాల వార్షిక లెక్క అయిన ఎఫ్‌సీ-4 రిటర్ను ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల లోపు, అంటే డిసెంబరు 31 లోపు వేయాలి. ఆ ఏడాది ఒక్క రూపాయి రాకపోయినా సున్నా లెక్కతో వేయవలసిందే. రిజిస్ట్రేషన్ అయిదేళ్ళు మాత్రమే ఉంటుంది. గడువుకు ముందు ఆరు నెలల్లో ఎఫ్‌సీ-3సీ ద్వారా పునరుద్ధరణ కోరాలి, గడువు ముగిసే తేదీకి కనీసం నాలుగు నెలల ముందే వేయమని హోంశాఖ 2025లో సూచించింది. రిజిస్ట్రేషన్ రద్దయితే మూడేళ్ళ దాకా మళ్ళీ దరఖాస్తు చేయడానికి వీలులేదు. విదేశీ డబ్బుతో కట్టిన ఆస్తులు కూడా ప్రభుత్వం నియమించిన అధికారి చేతికి వెళ్తాయి.

అమెరికాలో వసూళ్ళు సాధారణంగా 50,000 డాలర్ల లోపు ఉంటే 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ నోటీసు చాలు, నింపడానికి పది నిమిషాలు పట్టదు. క్యాలెండరు సంవత్సరం పాటించే సంస్థలకు గడువు మే 15. ఇంత చిన్న పనిని వరుసగా మూడేళ్ళు మరిచిపోతే 501సి3 హోదా దానంతట అదే రద్దవుతుంది. కోశాధికారి ఉద్యోగం మారి వేరే ఊరికి వెళ్ళిపోయి, ఆ ఈమెయిలు ఎవరూ చూడని సంస్థల్లోనే ఇది జరుగుతుంది. అందుకని సంస్థ ఈమెయిలు ఒక వ్యక్తిది కాకుండా, ముగ్గురు చూసేదిగా పెట్టుకోండి.

దాదాపు ఎవరికీ తెలియని ఒక బాధ్యత కూడా ఉంది. అమెరికా పౌరులు గాని, గ్రీన్‌కార్డు ఉన్నవారు గాని ఊరి ట్రస్టు బ్యాంకు ఖాతాలో సంతకం చేసే అధికారం కలిగి ఉంటే, వారికి సంబంధించిన విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే, ఆ డబ్బు తమది కాకపోయినా అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే ఖాతా సంతకాలు ఊరిలో ఉన్నవారికే అప్పగించండి.

7. సరిగా జరిగిందో లేదో చూసుకోండి

అమెరికా సంస్థ హోదాను ఏడాదికొకసారి ఐఆర్ఎస్ వెబ్‌సైటులోని పన్ను మినహాయింపు సంస్థల శోధనలో ఈఐఎన్ కొట్టి చూడండి. రద్దయిన వాటి జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఇండియాలో మీరు ఎంచుకున్న సంస్థను రిజిస్ట్రేషన్ పత్రం, దాని గడువు తేదీ, పునరుద్ధరణ వేసి ఉంటే దాని రసీదు, కిందటేడు ఎఫ్‌సీ-4 సమర్పించిన రుజువు అడగండి. “అన్నీ ఉన్నాయండి, మీరు పంపండి” అని మాత్రమే చెప్పి కాగితం చూపని సంస్థకు డబ్బు పంపకండి, అది ఎంత పేరున్నదైనా సరే.

పని జరిగాక మీ బోర్డు రాసిన తీర్మానంలోని మొత్తం, అమెరికా బ్యాంకు స్టేట్‌మెంటు, ఢిల్లీ ఖాతాలో జమ, వినియోగ ఖాతాకు బదిలీ, వోచర్ల మొత్తం, ఎఫ్‌సీ-4లో చూపిన అంకె వరుసగా రాసి చూడండి. బ్యాంకు రుసుము, మారకపు రేటు వల్ల వచ్చే తేడాకు కారణం పక్కనే రాసి పెట్టండి. గదుల ఫొటోలు ప్రారంభోత్సవం రోజువి కాకుండా పునాది, గోడలు, శ్లాబు దశల్లో తీసినవి తెప్పించుకుని, ప్రతి ఫొటో వెనక ఆ దశలో చెల్లించిన బిల్లు నంబరు రాయించండి. తరువాతి విడత పంపడానికి బోర్డు కూర్చునేటప్పుడు ఈ కాగితం ముందు పెట్టుకుని, ఏ అంకె కలవకపోయినా దాని సంగతి తేలేదాకా ఆ విడత ఆపండి.